అది కాకి కాదు

సముద్రపు కాకి కాకి కాదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి అరిగినంతగా నా గొంతు ఇంక దేనికీ అరగలేదు. బస్సులో చెప్పాను, షాపులో చెప్పాను, పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్నవాడికి చెప్పాను. దానికీ కాకికీ ఏ చుట్టరికమూ లేదు, దాని పేరు గల్, హిమాలయాలకు అవతల ఉప్పుచెరువుల దగ్గర గుడ్లు పెట్టి చలికాలానికి మన దగ్గరికి వస్తుంది అని. అందరూ గంగిరెద్దులా తలలూపేవాళ్లు. ఊపి ఊపి చివర్లో, "అయితే ఈ సముద్రం కాకులు ఎండాకాలం యాడికి పోతాయన్నా?" అనేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇప్పటికీ మండుతుంది. కాకపోతే ఆ మంటలో పెద్ద వాటా ఇప్పుడు నా మీదే. ఎందుకో చెప్తాను.

నాకు సూళ్లూరుపేటలో చిన్న కళ్లద్దాల షాపు ఉంది. శ్రీహరికోటలో ఉద్యోగం చేసే ఒకాయన ఓసారి బైనాక్యులర్ తెచ్చి, రెండు కళ్లతో చూస్తే ఒకే చెట్టు రెండుగా కనిపిస్తోంది, బాగుచేయమని ఇచ్చి వెళ్లాడు. లోపల గాజు ముక్క పక్కకి జరిగింది, అంతే. సరిచేసి పెట్టాను. ఆయన రాలేదు. ఫోన్ చేస్తే ఆ నంబరు లేదంది. ఎవర్నో అడిగితే బదిలీ అయి వెళ్లిపోయాడన్నారు. చాన్నాళ్లు దాన్ని తుడిచి తుడిచి బీరువాలో పెట్టాను. తర్వాత ఒక ఆదివారం, సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని పులికాట్ సరస్సు మీద వేసిన రోడ్డుకు తీసుకెళ్లాను. అలా పట్టుకుంది నాకీ పిచ్చి.

మొదట అందరిలాగే ఫ్లెమింగోలే చూశాను. చలికాలం వస్తే చాలు, చెన్నై రైలు దిగే వాళ్లందరికీ అవే కావాలి. మూరెడు పొడుగు కెమెరాలు భుజాన వేసుకుని నా షాపు ముందు ఆటో మాట్లాడుకుంటారు. వాటికో పండగ, వాటికి ఫ్లెక్సీలు, గోడల మీద వాటి బొమ్మలు. అందంగానే ఉంటాయి, కాదనను. నీళ్లలో నిలబడి ఫొటోలు దిగడానికే పుట్టినట్టుంటాయి. కానీ ఇన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు నా షాపులోకి వచ్చి, "గల్స్ ఎక్కడుంటాయండీ?" అని అడిగిన పాపాన పోలేదు.

గల్స్ కుప్ప దగ్గర ఉంటాయి. అదీ వాటి తప్పు. ఎర్ర కాళ్లు, ఎర్ర ముక్కు, తెల్లటి ఒళ్లు, వెన్ను మీద లేత బూడిదరంగు, అన్నీ ఉండి కూడా కోడిపేగుల కోసం కొట్టుకుంటాయి కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోరు.

ఆ కుప్ప మా అక్కావాళ్ల ఊరి పక్కన, ఏటిగట్టు మీద ఉంది. సూళ్లూరుపేట నుంచి నాయుడుపేట వైపు పోతూ హైవే దిగి లోపలికి వెళ్లాలి. ఊరి పేరు చెప్పను, కుప్ప ఎవరిదో కూడా చెప్పను. డంపింగ్ యార్డు అని బోర్డు మాత్రం ఉంది. చికెన్ కొట్ల పేగులు, హోటళ్ల ఎంగిలాకులు, పసిపిల్లల డైపర్లు, ఆస్పత్రి దూది, అన్నీ ఒకే ట్రాక్టర్లో వస్తాయి. ఎండాకాలం తగలబెడతారు. వానాకాలం ఏరు వచ్చి సగం కడుక్కుపోతుంది. మళ్లీ జాగా ఖాళీ అవుతుంది, మళ్లీ పోస్తారు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు నిర్వహణ. ఏటి ఒడ్డున చెత్త పోయాలని మొదట ఏ మహానుభావుడికి తోచిందో గానీ, ఆయన ఇంటి ముందు పోసి ఒక్క వారం నిర్వహించి చూపించమని నేను అర్జీ కూడా రాశాను. సమాధానం రాలేదు.

అయినా ప్రతి చలికాలం ఆదివారాలు అక్కడికే వెళ్లేవాణ్ణి. ముక్కుకు తువ్వాలు కట్టుకుని గట్టు మీద కూర్చునేవాణ్ణి. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే తెల్ల పిట్టలు. కూర్చోగా కూర్చోగా విడిపోతాయి. చలికాలం వీటి తలలు తెల్లగానే ఉంటాయి, చెవి దగ్గర నల్లచుక్క ఒక్కటి మిగులుతుంది. కాబట్టి గోధుమ తల గల్‌కీ నల్ల తల గల్‌కీ తేడా తలలో వెతికితే దొరకదు. రెక్క విప్పినప్పుడు చూడాలి. గోధుమ తలదానికి రెక్క చివర నలుపు ఎక్కువ, ఆ నలుపులో తెల్లటి మచ్చ. నల్ల తలదానికి రెక్క ముందు అంచున తెల్లటి పట్టీ. ఈ ఏడు పుట్టిన వాటికి రెక్కల మీద గోధుమ మచ్చలు, తోక చివర నల్లగీత. నాకిది ఒంటబట్టడానికి రెండు చలికాలాలు పట్టింది.

అక్కడ ఇంకో మనిషి ఈ తేడాను నా కన్నా ముందే కనిపెట్టేశాడు. కుప్పలో ఏరిన ప్లాస్టిక్కూ ఇనుమూ కొనే భాయ్. గట్టు పక్కన రేకుల షెడ్డు, ఒక కాటా, ఒక ప్లాస్టిక్ కుర్చీ. పొద్దుగూకులూ అక్కడే ఉంటాడు. నేను పుస్తకంలో బొమ్మలు చూపించి గొప్పగా రెక్కల సంగతి చెప్పబోతే, "అదంతా ఎందుకన్నా, తెల్లకన్నుది ఒక రకం, నల్లకన్నుది ఇంకో రకం. కన్ను చూడు సరిపోతాది," అన్నాడు. చూస్తే నిజమే. పెద్ద పిట్టల్లో గోధుమ తలదాని కన్ను లేత రంగు, నల్ల తలదాని కన్ను నలుపు. కళ్లద్దాలు అమ్ముకునేవాణ్ణి, నాకు కళ్లు చూడాలని తట్టలేదు. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక జట్టు. ఊళ్లో సముద్రపు కాకిని గల్ అని పిలిచే రెండో మనిషి భాయే.

కుప్పకు ఆనుకుని ఒక్క గట్టు అవతల మా అక్కావాళ్ల కయ్య. మా నెల్లూరు వైపు వరి పండే మడిని కయ్య అంటాం. అది బావకూ ఆయన తమ్ముడికీ ఉమ్మడి. అక్కకు పిల్లల్లేరు. బావా తనూ కలిసి ఆ కయ్యనే పిల్లలాగా చూసుకున్నారు. బావ నన్ను గట్టు మీద చూస్తే చాలు, "ఏం బామ్మర్దీ, మీ చుట్టాలు వచ్చినారా ఈ ఏడు?" అని అరిచేవాడు. "వచ్చినారు, నీకు నమస్కారాలు చెప్పినారు," అనేవాణ్ణి. "నమస్కారాలు నాకొద్దులే, నా నారుమడి తొక్కొద్దని చెప్పు," అనేవాడు. మంచి మనిషి. ఆయనతో ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడాల్సిన అవసరం నాకు రాలేదు. నాలాంటి వాడి విషయంలో అది మామూలు సంగతి కాదు.

కుప్ప పెరిగింది. పెరగక ఏం చేస్తుంది? దాన్ని నడిపే కాంట్రాక్టరు కయ్య మీద కన్నేశాడు. బావ తమ్ముడు సరేనన్నాడు. చెత్త పక్కన వరి ఎవరు కొంటారు, వచ్చినకాడికి వదిలించుకుందాం అన్నాడు. బావ ఒప్పుకోలేదు. "నా కంచంలో కుప్ప పోస్తానంటే కంచం జరిపి ఇమ్మంటావా?" అని అడిగాడు తమ్ముణ్ణి. పాస్‌బుక్కులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఒకరి సంతకంతో పని జరగదు. అలా రెండేళ్లు నడిచింది.

మార్గశిరంలో ఒక పొద్దున, కయ్యకు నీళ్లు మలుపుతూ బావ గట్టు మీద కూలబడ్డాడు. గుండెపోటు. భాయే మొదట చూసి పరిగెత్తాడు, సరుకు తోలే తన ఆటోలోనే నాయుడుపేట ఆస్పత్రికి వేసుకుపోయాడు. దారిలోనే ప్రాణం పోయింది. అప్పటికి ఆయనకు యాభై కూడా నిండలేదు.

కొడుకులు లేరు కాబట్టి తమ్ముడే కొరివి పెట్టాడు, తమ్ముడే కర్మ చేశాడు. ఆ పది రోజులూ ఇంట్లో మాట ఆయనదే. అక్క చేతిలో కయ్యకు సగం హక్కు ఉంది, కానీ ఆ ఇంట్లో నిలబడి గట్టిగా వద్దు అనేంత బలం లేదు. ఉన్న బలమల్లా ఒకటే. చనిపోయినాయనకు ఇష్టం లేదు అన్న మాట. తమ్ముడు ఎంత అడిగినా, "ఆయన వొద్దన్నాడు గదా అబ్బయ్యా," అనేది. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. నాకు ధైర్యంగా ఉండింది, ఈ మాట మీద అక్క నిలబడుతుందని.

పదో రోజు కర్మకు అందరం ఏటి రేవుకు వెళ్లాం. ఆ ఊరికి రేవు అదే, తాతల నాటి నుంచీ అక్కడే చేస్తారు. కుప్ప తర్వాత వచ్చింది. ఇప్పుడు ఆ రేవులో నిలబడితే మంత్రాలకన్నా ముందు కంపు ముక్కులోకి వస్తుంది. అయ్యవారు కూడా పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకునే పిండాలు పెట్టించాడు. అరిటాకులో పిండం పెట్టి గట్టు మీద ఇటుకల పైన ఉంచారు. అందరం వెనక్కి జరిగాం. తమ్ముడు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని "కా, కా" అని పిలిచాడు.

కాకులు లేకపోవడమేంటి? నూరు గజాల దూరంలో వందలున్నాయి. కుప్ప మీద. ఆ పొద్దు ఆదివారం మర్నాడు. చికెన్ కొట్ల సరుకు అంతా అప్పుడే దిగింది. కాకులు, గద్దలు, కొంగలు, నా గల్స్, అన్నీ దాని మీదే ఉన్నాయి. ఇంత విందు వదిలిపెట్టి ఉప్పు లేని అన్నం ముద్ద కోసం ఏ కాకి వస్తుంది? ఒక్కటి కూడా ఇటు తల తిప్పలేదు.

పావుగంట అయింది. అరగంట అయింది. అయ్యవారు ఇంకా వెనక్కి జరగమన్నాడు. జరిగాం. మనుషుల్లో గుసగుస మొదలైంది. బావకు మేనత్త ఒకావిడ ఉంది, ముసలావిడ. "బిడ్డ మనసులో ఏదో పెట్టుకోని పోయినాడు. అది తీరస్తామని చెప్పండి, అప్పుడు గానీ ముట్టదు," అంది. మా వైపు అంతే. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు కోరిక మిగిలిందని అర్థం. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే పిండం ముందుకు వెళ్లి మాట ఇవ్వాలి. మేనత్త వెళ్లి, "నీ బర్రెగొడ్డును నేను చూసుకుంటాలే నాయనా," అంది. ముట్టలేదు. ఎవరో వెళ్లి సంవత్సరీకం ఘనంగా చేస్తామన్నారు. ముట్టలేదు.

అప్పుడు తమ్ముడు అక్క వైపు తిరిగాడు. "వదినా, అన్నకు నా మీదే బెంగ. నాకూ ఆయనకూ ఆ కయ్య కాడే మాట తేడా వచ్చింది. సంతకం పెడతానని నువ్వొక మాట చెప్పు. అన్న శాంతిస్తాడు," అన్నాడు.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. చూశారా ఎంత తెలివో! బతికుండగా ఆయన నోటితో వద్దన్నది, చచ్చాక కాకి నోటితో కావాలనిపిస్తున్నాడు. నేను ముందుకు కదలబోయాను. అక్క తల ఎత్తలేదు. ఆకు వైపే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ఒక్క కాకి, ఎక్కడి నుంచైనా ఒక్క కాకి వస్తే చాలునని చూస్తోంది.

వచ్చింది. కుప్ప మీద నుంచి ఒక తెల్లటి పిట్ట లేచి, ఏటి మీదుగా చుట్టు తిరిగి, వాలకుండానే ఇటుకల మీదికి ఒరిగి పిండంలో సగం ముక్కున కరుచుకుని పోయింది.

గట్టు అవతల షెడ్డు దగ్గర భాయ్ నిలబడి ఉన్నాడు. బావ కర్మ కదా, పని ఆపి దూరం నుంచి చూస్తున్నాడు. ఆయన రెండు చేతులూ పైకెత్తి, "ముట్టింది! కాకి ముట్టిందన్నా! కాకి ముట్టింది!" అని అరిచాడు.

మేనత్త చేతులు జోడించింది. "ముట్టింది నా తండ్రే. సముద్రం కాకై వచ్చినావా నాయనా," అంది. అయ్యవారు పంచాంగం సంచీలో పెట్టుకోబోతున్నాడు. అక్క కళ్లు మూసుకుంది. పది రోజుల నుంచి బిగబట్టిన భుజాలు అప్పుడు కిందికి దిగాయి. అది నేను చూశాను. చూసి కూడా అన్నాను.

"అది కాకి కాదు."

అనాలని అనలేదు. దేవుడి మీద ఒట్టు, అనాలని అనలేదు. ఎన్నో ఏళ్లుగా ఎవరు సముద్రం కాకి అన్నా నా నోరు దానంతటదే ఈ మాట అనేసేది, ఆ రోజూ అనేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. "గల్. గోధుమ తల గల్. ఈ ఏడు పుట్టిందే, రెక్క మీద ఇంకా మచ్చలు పోలేదు," అని కూడా అన్నాను. వయసుతో సహా చెప్పాను! పిండం ఎత్తుకుపోయిన పిట్టకు జాతకం చెప్పిన వెధవను ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అందరూ నా వైపు తిరిగారు. అయ్యవారి చేయి సంచీ మీదే ఆగిపోయింది. "కాకి కాదా?" అన్నాడు.

"కాదంటుండాడు గదా," అన్నాడు తమ్ముడు. నన్నూ బావా అనే పిలుస్తాడు. "పిట్టల సంగతి ఈ జిల్లాలో మా బావకంటే ఎవురికి తెల్సు? ఆదివారం ఆదివారం వచ్చి చూస్తాడు. ఏం బావా, కాకి కాదు గదా?"

"కాకి కాదు గానీ, అదీ..." అన్నాను. "అదీ ఒక లెక్కన..." అన్నాను. ఏ లెక్కనో నాకు తట్టలేదు. అబద్ధం చెప్పాల్సిన చోట నా నోరు తడబడింది, చెప్పకూడని నిజాన్ని మాత్రం గడగడా అప్పజెప్పింది. ఛీ.

"శాస్త్రం కాకి అని చెప్పింది నాయనా," అన్నాడు అయ్యవారు. సంచీ మళ్లీ కింద పెట్టాడు.

అప్పుడు నేను కేకలు మొదలుపెట్టాను. అటు చూడండి, కాకులన్నీ ఎక్కడున్నాయో చూడండి, వాటి కడుపులు నిండి ఉన్నాయి, ఈ దిక్కుమాలిన కుప్ప లేకపోతే ఈపాటికి పది కాకులు వచ్చేవి, పోయినాయనకు ఏ కోరికా లేదు, ఉంటే ఈ కుప్ప ఎత్తేయాలన్నదే కోరిక అని. ఒక్క అక్షరం తప్పు లేదు అందులో. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఎవరు వింటారు? మేనత్త నన్ను పురుగును చూసినట్టు చూసి, "కర్మ చేసే కాడ నిలబడి కుప్ప గురించి అరస్తావేందయ్యా? నీ అక్క మొగుడు గదా పోయింది," అంది.

అక్క లేచింది. నా వైపు ఒక్కసారి చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను, కోప్పడలేదు. పిండం దగ్గరికి వెళ్లి మిగిలిన ముద్ద ముందు చేతులు జోడించి, చిన్న గొంతుతో, "ఏమయ్యా, నీ మనసులో ఏముండాదో నాకు తెలీదు. వాళ్లంతా అదే అంటుండారు. సంతకం పెడతాను. వచ్చి తినిపో," అంది.

అప్పుడే కుప్ప మీదికి ఇంకో ట్రాక్టర్ వచ్చింది. ట్రాలీ ఎత్తేసరికి పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. లేచినవాటిలో ఒకటి ఏటి మీదుగా వచ్చి ఇటుకల మీద వాలి, అటూ ఇటూ చూసి, ముద్దను పొడిచింది. ఊరకాకి. నల్లటి తల, బూడిదరంగు మెడ. ఎంత వెతికినా అనుమానించడానికి ఏమీ లేదు, అది నిజంగా కాకే.

"చూసినారా! చూసినారా!" అన్నారు అందరూ. తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. నిజంగా ఏడ్చాడో లేదో నాకు తెలియదు. ట్రాక్టర్ వల్ల లేచిందిరా అది, ట్రాక్టర్ వల్ల అని నేను అరవలేదు. అప్పటికి నా గొంతు మీద నాకే అసహ్యం వేసింది.

అందరూ స్నానాలకు ఏట్లో దిగాక నేను భాయ్ దగ్గరికి వెళ్లాను. నాకు ఎవరి మీదో ఒకరి మీద విరుచుకుపడాలని ఉంది. "నీకు తెలుసు కదా అది కాకి కాదని! తెలిసి ఎందుకు అరిచావు?" అన్నాను.

భాయ్ కుర్చీలోంచి లేచాడు. "తెలవకేమన్నా? నీకంటే ముందు నాకే తెల్సు," అన్నాడు. "నేను అక్క మొహం చూసి అరిచినా. నువ్వు పిట్టను చూసినావు."

ఆ మాటకు ఆ రోజు నాకు కోపమే వచ్చింది. ఏదో అని వచ్చేశాను. ఏమన్నానో గుర్తులేదు, మంచి మాట మాత్రం అయ్యుండదు. తర్వాత రెండు వారాలు ఆయన నాకు ఫోన్ చేయలేదు.

సంతకం ఆపాలని నేను చెయ్యని ప్రయత్నం లేదు. అక్క దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాను. "అందరూ కలిసి నిన్ను మోసం చేశారు. అలా ఇచ్చిన మాటకు విలువేంటి?" అన్నాను. "మాట ఇచ్చింది వాళ్లకు కాదురా, ఆయనకు," అంది. "ఆయన వద్దన్నాడు కదక్కా!" అని అరిచాను. "వొద్దన్నాడు. అప్పుడు కాకి రాలేదు. పెడతానన్నాక వచ్చింది. నేనేమని నమ్మాల?" అంది. అది నమ్మకమో, అలసటో, నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. పుష్యమాసం దాటక ముందే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం అయిపోయింది. నన్ను రావద్దని అక్కే చెప్పింది.

మళ్లీ చలికాలం వచ్చింది. వెళ్లకూడదనుకున్నాను. ఒక ఆదివారం వెళ్లాను. కయ్య లేదు. మధ్యలో ఉన్న గట్టును జేసీబీతో లాగేశారు. బావ నీళ్లు మలిపిన చోట మనిషెత్తు చెత్త. అక్క నాట్లు వేసిన చోట తెల్లగా పరుచుకుని కూర్చున్నాయి నా చుట్టాలు. అంతకుముందు ఏ ఏడూ అన్ని గల్స్‌ను నేను ఒక్కచోట చూడలేదు. కొత్త చెత్త కదా, తిండి బాగా దొరికినట్టుంది.

వాటి మధ్యలో ఒకటి మిగిలినవాటి కన్నా రెండింతలుంది. పసుపు ముక్కు, దాని చివర నలుపూ ఎరుపూ, కళ్ల చుట్టూ మసి పూసినట్టు నల్లదనం. పల్లాస్ గల్. పుస్తకంలో దాని బొమ్మ చూసి ఎన్ని చలికాలాలు ఎదురుచూశానో. మా ఏటి మీద అదే మొదటిది, నా వరకు. ఎక్కడ వాలింది? బావ కూలబడిన చోట వాలింది. బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని, దించేశాను. పక్కన గడ్డ ఒకటి దొరికితే తీసుకుని విసిరాను. పిట్టలన్నీ లేచి, అరిచి, మళ్లీ అక్కడే కూర్చున్నాయి. వాటిదేం తప్పు, నా బొంద.

భాయ్ షెడ్డులోంచి చూశాడు. కుర్చీ జరిపి ఇంకో కుర్చీ వేశాడు. కాసేపు కూర్చున్నాను.

అక్కడి నుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను. కోపం ఇంకా దిగలేదు. అక్క వసారాలో చాపేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అవి కొన్న బియ్యం. జీవితంలో మొదటిసారి ఆ ఇంట్లో కొన్న బియ్యం చూశాను. అది చూసేసరికి నేను ఇంకా రెచ్చిపోయాను. నిలబడే మొదలుపెట్టాను. కోర్టుకు వెళ్దాం, నేను లాయరుతో మాట్లాడాను, కలెక్టరాఫీసులో అర్జీ పెడదాం, ఏటి ఒడ్డున కుప్ప పోయకూడదని చట్టం ఉంది, నీ మరిదిని ఊరికే వదలకూడదు, ఆ మేనత్తకు బుద్ధి లేదు, ఆ అయ్యవారికి శాస్త్రం తెలియదు, కాంట్రాక్టరు దొంగ, ఆఫీసులో ఉన్నవాళ్లంతా దొంగలు. అర్జీ రాసి తెచ్చాను కూడా. జేబులోంచి తీసి చదవబోయాను.

అక్క చేట పక్కన పెట్టింది. "వాళ్లందర్నీ తిట్టబాకురా," అంది. "వాళ్లు అట్టాంటోళ్లని నాకు ముందే తెల్సు. నువ్వు ఆ పొద్దు రాకుండా ఉండుంటే సరిపోయేది."

గొంతులో కోపం లేదు. వాన పడకుండా ఉంటే బాగుండేది అన్నట్టు అంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. తిరిగి ఏదో ఒకటి అనడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ రోజు ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

అక్క లేచి లోపలికి వెళుతూ, "కాళ్లు కడుక్కోని రా. అన్నం తినిపో," అంది.

కాళ్లు కడుక్కున్నాను. కూర్చుని, పెట్టినంతా తిన్నాను.